ఎర్ర సముద్రపు పగడం చెప్పిన మన వానల కథ



మా తొమ్మిదో తరగతిలో ఒకరోజు భూమి వేడెక్కడం గురించి పాఠం జరుగుతోంది. ఆస్ట్రేలియా పక్కన సముద్రం నాలుగు వందల ఏళ్లలో ఎన్నడూ లేనంతగా వేడెక్కిందని పత్రికలో వచ్చిన వార్తను పిల్లలకు చదివి వినిపించాం. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "నాలుగు వందల ఏళ్ల కిందట సముద్రంలో థర్మామీటర్ పెట్టి చూసిందెవరు సార్?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. మేము నవ్వలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న, మా దగ్గర అప్పటికప్పుడు సరైన జవాబు లేదు. శాస్త్రవేత్తలు చెప్పారమ్మా అని దాటవేయవచ్చు. కానీ అది జవాబు కాదు. ఆ తర్వాత కొన్ని వారాలు చదివి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

నిజానికి సముద్రపు వేడిని మనిషి కొలవడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. 19వ శతాబ్దంలో ఓడవాళ్లు బకెట్‌తో నీళ్లు తోడి, అందులో థర్మామీటర్ ముంచి అంకె రాసుకునేవారు. ఓడలు తిరిగే దారుల్లోనే ఆ లెక్కలు ఉంటాయి. ఓడ పోని చోట ఏమీ లేదు. ఉపగ్రహాలు సముద్రం మొత్తాన్ని చూడడం 1980ల నుంచే. మన దేశంలో వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంతకు ముందు సంగతి తెలియాలంటే మనిషి రాయని లెక్కలు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఉన్నాయి. పగడాల్లో ఉన్నాయి.

హజ్‌కో ఉమ్రాకో వెళ్లిన మనవాళ్లలో చాలామంది జిద్దాలో దిగి ఉంటారు. ఆ ఊరి పాతబస్తీని అల్ బలద్ అంటారు. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి పాత మేడల గోడలు ఎర్ర సముద్రపు ఒడ్డున తవ్వి తీసిన పగడపు రాళ్లతో కట్టినవి. మాల్దీవుల రాజధాని మాలెలో 1658లో కట్టిన పాత జుమా మసీదు కూడా పగడపు రాయిదే. తడిగా ఉన్నప్పుడు ఆ రాయి మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది, ఎండాక గట్టిపడుతుంది. గోడకు, గుమ్మానికి, చెక్కడానికి పనికొస్తుందని మాత్రమే మన పెద్దలకు తెలుసు. ఆ రాయిలో ఏటికేడు సముద్రపు లెక్క రాసి ఉందని బయటపడి ఇంకా అరవై ఏళ్లు కూడా కాలేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగే ఎర్ర రత్నం గుర్తొస్తుంది. అది మధ్యధరా సముద్రంలో ఎక్కువగా దొరికే వేరే రకం. మన వ్యాసంలోది దిబ్బలు కట్టే పగడం. పాఠ్యపుస్తకాల్లో ప్రవాళ భిత్తికలు అంటారే, వాటిని కట్టేది ఇదే. ఖుర్ఆన్‌లో అర్‌రహ్మాన్ సూరాలో ముత్యాలతో పాటు మర్జాన్ ప్రస్తావన ఉంది. మర్జాన్ అంటే పగడమని కొందరు వ్యాఖ్యాతలు, చిన్న ముత్యాలని మరికొందరు రాశారు. ఆయతులో విజ్ఞానశాస్త్రం వెతకడం మా ఉద్దేశం కాదు, ఆ పని ఉలమాలది. ఆ పేరు మనకు కొత్తది కాదని చెప్పడానికే ఈ మాట.

పగడం మొక్క కాదు, రాయీ కాదు. చిన్న చిన్న జీవులు వేల సంఖ్యలో ఒకచోట అతుక్కుని ఉండే కాలనీ. ఒక్కో జీవి సముద్రపు నీటిలోని కాల్షియాన్నీ కార్బనేట్‌నూ తీసుకుని తన కింద సున్నపు గూడు కట్టుకుంటుంది. పైకి పెరుగుతూ పాత గూటిని కిందనే వదిలేస్తుంది. దాని ఒంట్లో కంటికి కనబడని నాచు జీవిస్తుంటుంది. ఆ నాచు ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది, పగడం దానికి చోటిస్తుంది. అందుకే దిబ్బలు కట్టే పగడాలు వెలుతురు అందే లోతులేని, తేటగా ఉన్న, వెచ్చని నీళ్లలోనే ఉంటాయి. మన గోదావరి, కృష్ణ తెచ్చి పోసే బురదనీటి వల్ల తెలుగు తీరంలో పెద్ద దిబ్బలు పెరగలేదు. మన దేశంలో వాటిని చూడాలంటే లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ వైపు వెళ్లాలి.

పొరైటిస్ అనే జాతి పగడం పెద్ద బండలా గుండ్రంగా పెరుగుతుంది. ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. అంటే మనిషి ఎత్తును మించిన రెండు మీటర్ల బండ కనిపిస్తే అది ఔరంగజేబు వారసులు ఢిల్లీలో ఉన్న రోజుల్లో మొలకెత్తి ఉండవచ్చు. ఈ రెండు వందల ఏళ్లూ అది ఒకే చోట కూర్చుని, ఆ చోటి నీటితోనే ఇల్లు కట్టుకుంది. కదలదు, వలస పోదు. సాక్షికి ఉండాల్సిన మొదటి గుణం అదే కదా.

ఈ సాక్ష్యం తీసుకునే పద్ధతి చూడండి. ఈతగాళ్లు గాలి సిలిండర్లతో కిందికి దిగి, నీటిలో పనిచేసే డ్రిల్లుతో బండ పైనుంచి నిలువుగా తొలుస్తారు. మన ఊళ్లలో బోరు వేసినట్టే, కాకపోతే బోరు మన మణికట్టు కన్నా కాస్త లావు. లోపలి నుంచి పొడవాటి స్తంభం లాంటి ముక్క బయటికొస్తుంది. పైన ఒక పలుచని పొర మాత్రమే ప్రాణమున్న పగడం, మిగిలిందంతా పాత గూళ్లు. అందుచేత పగడం చావదు. తొలిచిన కన్నానికి సిమెంటు బిరడా వేసి వస్తారు. కొన్నేళ్లలో పగడం దాని మీదుగా పెరిగి కప్పేస్తుంది.

ఆ స్తంభాన్ని నిలువునా పలుచని పలకగా కోసి ఎక్స్‌రే తీస్తే చెట్టు మోడులో కనిపించే వలయాల్లాంటి చారలు కనబడతాయి. ఒక తేలిక పొర, ఒక చిక్కని పొర. రెండూ కలిస్తే ఒక ఏడాది. కానీ అది ఏడాదే అని ఎలా చెప్పగలం? ఆరు నెలలకొకటి కావచ్చు, రెండేళ్లకొకటి కావచ్చు. ఈ సందేహం తీర్చింది 1972లో నట్సన్, బడ్‌మీయర్, స్మిత్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు. వాళ్లకు ఆధారం దొరికిన చోటు వింటే మనసు చివుక్కుమంటుంది. పసిఫిక్ మహాసముద్రంలో ఎనివెటాక్ అనే దీవుల వలయం ఉంది. అమెరికా 1948 నుంచి 1958 వరకు అక్కడ 43 అణుపరీక్షలు జరిపింది. అక్కడి జనాన్ని అంతకు ముందే వేరే దీవికి తరలించింది. పేలుళ్ల నుంచి పడిన రేడియోధార్మిక స్ట్రాన్షియం నీటిలో కలిసి, ఆ ఏట పగడం కట్టుకున్న గూటిలో చేరింది. బాంబు ఏ ఏట పేలిందో సైన్యం దగ్గర రాతలున్నాయి. పగడంలో రేడియోధార్మిక చారలు ఎక్కడున్నాయో కొలిచారు. మధ్యలోని పొరలు లెక్కపెడితే సంవత్సరాలతో సరిపోయాయి. మనిషి చేసిన పాడుపనికి పగడం తేదీ వేసి ఉంచింది. ఆ తేదీల వల్లనే మిగిలిన వందల ఏళ్ల పొరలను లెక్కపెట్టే ధైర్యం వచ్చింది.

తేదీ సరే. వేడి ఎంతో ఎలా తెలుస్తుంది? ఇక్కడ కాస్త రసాయనశాస్త్రం తప్పదు. పాఠకులు ఓపిక పట్టాలి.

ఆక్సిజన్ పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. అత్యధికం 16 బరువువి. వెయ్యికి సుమారు రెండు మాత్రం 18 బరువువి. పగడం గూడు కట్టేటప్పుడు నీరు చల్లగా ఉంటే బరువు ఆక్సిజన్ కొంచెం ఎక్కువ చేరుతుంది, వెచ్చగా ఉంటే తక్కువ చేరుతుంది. గవ్వల్లోనూ ఇలాగే జరుగుతుందని, దాన్నిబట్టి పాత సముద్రాల వేడి చెప్పవచ్చని 1947లో సూచించినవాడు నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ. తేడా ఎంతనుకుంటున్నారు? ఒక డిగ్రీ వేడి పెరిగితే ఆ నిష్పత్తిలో మారేది సుమారు అయిదు వేలలో ఒక వంతు. కంసాలి త్రాసులో తేలే లెక్క కాదిది. పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం కావాలి. పంటి డాక్టరు వాడేలాంటి సన్నని డ్రిల్లుతో పలక మీద మిల్లీమీటరుకు ఒకచోట పొడి తీసి ఆ యంత్రంలో పెడతారు. ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగే పగడంలో ఒక మిల్లీమీటరంటే నెలా కొన్ని రోజులు. అంటే ఏ ఏట ఎండాకాలం ఎలా ఉంది, వానాకాలం ఎలా ఉంది అనేంత సన్నగా చెప్పవచ్చు.

అయితే ఆక్సిజన్ సాక్ష్యంలో ఒక మెలిక ఉంది. వాన నీటిలో బరువు ఆక్సిజన్ తక్కువ. సముద్రం మీద కుండపోత కురిస్తే పై నీటిలో దాని పాలు తగ్గుతుంది, పగడంలోనూ తగ్గుతుంది. అప్పుడు ఆ తగ్గుదల వేడి వల్లనా, వాన వల్లనా? ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పలేం. అందుకే రెండో సాక్షి, స్ట్రాన్షియం. ఇది కాల్షియానికి రసాయన బంధువు. పగడపు గూటిలో వెయ్యి కాల్షియం పరమాణువులకు సుమారు తొమ్మిది స్ట్రాన్షియం పరమాణువులు దూరి ఉంటాయి. నీరు వెచ్చబడితే ఇవి తగ్గుతాయి, డిగ్రీకి నూటికి ఒక వంతు కూడా లేనంత. దీనికి వానతో పెద్దగా సంబంధం లేదు. కనుక స్ట్రాన్షియం నుంచి వేడి తెలుసుకుని, ఆక్సిజన్ లెక్కలోంచి ఆ వేడి పాలు తీసేస్తే మిగిలింది వాన, ఉప్పదనం సంగతి. పదో తరగతి పిల్లలకు మేము ఇది చెబితే వెంటనే పట్టుకున్నారు: రెండు తెలియని రాశులు, రెండు సమీకరణాలు. గణితం ఎందుకు నేర్చుకోవాలని విసుక్కునే పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

లెక్కను తనిఖీ చేసే పద్ధతి కూడా ఉంది. ఈ సంచిక వెనక పేజీల్లో మన సొసైటీ జమాఖర్చులు అచ్చువేస్తాం. బ్యాంకు పాస్‌బుక్‌తో సరిపోతేనే ఆడిటర్ సంతకం పెడతారు. అలాగే పగడంలోని చివరి ముప్పై నలభై ఏళ్ల లెక్కను థర్మామీటర్, ఉపగ్రహం చెప్పిన అంకెలతో పోల్చి చూస్తారు. సరిపోతేనే అంతకు ముందు కాలానికి ఆ పగడం మాట నమ్ముతారు. ఒక్క పగడంతోనూ ఆగరు, అదే దిబ్బలో మరికొన్ని తొలుస్తారు. పురుగులు తొలిచినవి, వంకరగా పెరిగినవి, వాన నీటికి పాత స్ఫటికాలు కరిగి కొత్తవి పేరుకున్నవి తప్పుడు సాక్ష్యం చెబుతాయి. వాటిని పక్కన పెడతారు. ఈ శాస్త్రం మీద మాకు గురి కుదరడానికి ఇంతగా అనుమానించే పద్ధతే ఒక కారణం.

ఇక మన సంగతికి వద్దాం. పగడం చెప్పే లెక్కతో మనకేం పని?

వాన తప్పిన ఏడు ఈద్గాలో ఇస్తిస్ఖా నమాజు చేసి, చేతులు తిరగేసి దుఆ అడిగిన అనుభవం మన పెద్దలందరికీ ఉంది. రాయలసీమలో ధాత కరువు పేరు ఇంకా మరిచిపోలేదు. 1876లో, ఆ వెంటనే 1877లోనూ వానలు తప్పి, మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు, ఇటు నిజాం రాజ్యంలో పలు ప్రాంతాలు మాడిపోయాయి. లక్షల మంది చనిపోయారు. కరువు పనుల కింద తవ్వించినవాటిలో బకింగ్‌హాం కాలువ కూడా ఉంది. ఆ 1877–78లోనే పసిఫిక్‌లో చాలా తీవ్రమైన ఎల్ నినో నడిచింది. ఆ సంగతి అప్పటివాళ్లకు తెలియదు. 1899లో మళ్లీ పెద్ద కరువు. 1904లో మన వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితం చదువుకున్నవాడు. వానలు ఎందుకు తప్పుతున్నాయో తేల్చడానికి ప్రపంచంలోని ఊళ్లూళ్ల గాలి పీడనం అంకెలు తెప్పించుకుని గుమాస్తాలతో లెక్కలు కట్టించాడు. పసిఫిక్‌లో ఒకవైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, అది అటూ ఇటూ ఊగుతుంటుందని, మన రుతుపవనాలకు దానితో ముడి ఉందని కనిపెట్టాడు. మన కరువుల వెనక కారణం వెతికే పని హిందుస్థాన్‌లోనే మొదలైందన్నమాట. కానీ వాకర్ దగ్గర ఉన్న లెక్కలు కొన్ని దశాబ్దాలవే. ఊయల ఎంత కాలంగా ఇలా ఊగుతోందో ఆయనకు తెలిసే దారి లేదు.

ఆ దారి పగడం చూపించింది. పసిఫిక్ నడుమ కిరిబాటి దేశంలో తరావా అనే దీవి ఉంది. ఎల్ నినో ఏట వెచ్చని నీటితో పాటు వాన మేఘాలు అటు జరుగుతాయి. మనకు వాన తప్పిన చాలా ఏళ్లలో అక్కడ కుండపోతగా కురుస్తుంది. ఇందాక చెప్పుకున్నట్టు ఆ వాన ఆక్సిజన్ రూపంలో పగడంలో అచ్చుపడుతుంది. జూలియా కోల్, ఆమె సహచరులు తరావా పగడం నుంచి 1893 నుంచి 1989 వరకు 96 ఏళ్ల ఎల్ నినో చరిత్రను 1993లో ప్రకటించారు. తర్వాత కిమ్ కాబ్ అనే శాస్త్రవేత్త పల్మైరా దీవికి వెళ్లింది. అక్కడ తుపానులు ఎప్పుడో ఒడ్డుకు విసిరేసిన చచ్చిన పగడాలు గుట్టలుగా పడి ఉన్నాయి. బతికున్న పగడానికైతే పైనుంచి ఏళ్లు లెక్కపెట్టవచ్చు. చచ్చినదానికి ఎలా? పగడం నీటి నుంచి కాస్త యురేనియం తీసుకుంటుంది. అది ఎంతో నెమ్మదిగా థోరియంగా మారుతుంది. థోరియం ఎంత పోగైందో కొలిస్తే పగడం వయసు తేలుతుంది. అలా ముక్కలు ముక్కలుగా, పదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా సాగిన చరిత్రలో కొన్ని కిటికీలు తెరిచి చూపించారు. ఆ వ్యాసం 2003లో వచ్చింది.

అందులో తేలింది సూటిగా మన ఊహకు అనుకూలమైన సంగతి కాదు. 17వ శతాబ్దంలో, ఫ్యాక్టరీలూ కార్లూ లేని రోజుల్లో కూడా, ఎల్ నినోలు చాలా బలంగా వచ్చాయి. అంటే ప్రతి కరువునూ పొగగొట్టాల మీదికి నెట్టడానికి లేదు. ఊయల తనంతట తానే పెద్దగా ఊగగలదు. అదే సమయంలో, ఆ ప్రాంతపు దీవుల నుంచి మరెన్నో పగడాలు పోగుచేసి ఏడు వేల ఏళ్ల మేరకు పోల్చాక, గత అర్ధశతాబ్దంలో ఊపు పారిశ్రామిక యుగానికి ముందుకన్నా సుమారు నాలుగో వంతు ఎక్కువగా ఉందని కూడా తేలింది. రెండు మాటలూ నిజమే. సగం చెప్పి సగం దాచడం పగడానికి తెలియదు. పత్రికల్లో, టీవీల్లో ఈ విషయం చర్చించేవాళ్లు మాత్రం తమకు కావాల్సిన సగమే తీసుకుంటారు.

ఎల్ నినో వచ్చిన ప్రతి ఏడూ మనకు కరువు రాదు. 1997లో చాలా పెద్ద ఎల్ నినో వచ్చింది, మన దేశంలో వాన మాత్రం మామూలుగానే పడింది. ఎందుకలా అని వెతికినవాళ్లకు హిందూ మహాసముద్రంలోనే మరో ఊయల కనిపించింది. సుమత్రా వైపు నీరు చల్లబడి, ఆఫ్రికా వైపు నీరు వెచ్చబడడం. ఆ ఏడు అది మన వానలను నిలబెట్టిందని భావిస్తున్నారు. 1999లో దానికి హిందూ మహాసముద్ర ద్విధ్రువం అని పేరు పెట్టిన బృందంలో సాజి, గోస్వామి, వినయచంద్రన్ మనవాళ్లే. సుమత్రా పక్కన మెంటవాయి దీవుల పగడాలను చదివిన నెరిలీ ఆబ్రమ్ బృందం, 13వ శతాబ్దం నుంచి తమకు లెక్క దొరికిన అయిదు వందల ఏళ్లలో తీవ్రమైన ద్విధ్రువాలు పది వచ్చాయని, వాటిలో నాలుగు ఒక్క గత అరవై ఏళ్లలోనే వచ్చాయని 2020లో చెప్పింది. అన్నిటిలో పెద్దది మాత్రం 1675లో వచ్చింది, 1997 నాటిదానికన్నా పెద్దది. ఇక్కడా అదే సంగతి. గతం మనం అనుకున్నంత సాధువు కాదు, వర్తమానం మామూలుగానూ లేదు.

మన గడ్డ మీద కూడా ఈ పని జరిగింది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో సుప్రియో చక్రవర్తి, ఆర్. రమేశ్ 1990లలో లక్షద్వీప్, కచ్ పగడాలను పరీక్షించారు. అరేబియా సముద్రం ఏప్రిల్, మే నెలల్లో బాగా కాగి, జూన్‌లో రుతుపవనాల గాలి చిలకగానే చల్లబడుతుంది. ఆ చల్లదనం పగడంలో ఏటా గుర్తు వేసి ఉంది.

ఇప్పుడు ఎర్ర సముద్రానికి వద్దాం. మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఈ భాగమే. పగడం గూటిలోకి స్ట్రాన్షియంతో పాటు బేరియం అనే మూలకం కూడా చేరుతుంది. ఇది మట్టితో వస్తుంది. కెన్యా తీరంలో మాలిండి దగ్గర మూడు వందల ఏళ్ల పగడంలో బేరియం కొలిచినవాళ్లకు, 20వ శతాబ్దం మొదట్లో నది తెచ్చే మట్టి ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించింది. ఇంగ్లీషువాళ్లు అక్కడి కొండ పొలాలను ఆక్రమించి దున్నించడం మొదలుపెట్టిన కాలమది. కానీ ఎర్ర సముద్రంలో పడే పెద్ద నదంటూ ఒక్కటీ లేదు. మరి సౌదీ తీరం పగడాల్లోకి బేరియం ఎక్కడిది?

గాలి తెచ్చింది. సుడాన్ తీరంలో కొండల నడుమ టోకర్ కనుమ అని ఒక సందు ఉంది. మన దగ్గర నైరుతి రుతుపవనాలు నడిచే నెలల్లోనే ఆ సందులోంచి పెనుగాలి వీచి, ఎడారి దుమ్మును ఎత్తి ఎర్ర సముద్రం మీదుగా అరేబియా వైపు విసురుతుంది. రుతుపవనాలను నడిపే గాలుల వ్యవస్థలో ఆ గాలి కూడా ఒక పాయ. ఇక్కడ రుతుపవనం బలంగా ఉన్న ఏడు అక్కడ గాలీ బలంగా ఉంటుంది, దుమ్ము ఎక్కువ పడుతుంది, పగడంలో బేరియం పెరుగుతుంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవారు ఈ బేరియాన్ని కొలిచి, సుమారు 250 ఏళ్లుగా మన రుతుపవన గాలులు ఎలా నడిచాయో 2019లో ప్రకటించారు. మన పొలాల మీద పడే వాన సంగతి జిద్దా ఉన్న సముద్రంలో రాసి ఉందన్నమాట! ఆ లెక్క ప్రకారం ఈ గాలుల వలయం కాలక్రమంలో బలపడుతూ వచ్చింది. వెంటనే వానలు పెరిగాయని అనుకోకూడదు. గాలి వేరు, వాన వేరు. గాలి బలంగానే ఉండి, వాన పది రోజులు కురవాల్సింది ఒక్క రోజున కురిసి పోతే చెరువు తెగుతుంది గాని చేను పండదు. మధ్య భారతంలో 1950ల తర్వాత అర్ధశతాబ్దం పాటు మొత్తం వాన తగ్గి, కుండపోతలు పెరిగాయని మన వర్షమాపకాలే చెబుతున్నాయి. పగడం లెక్కను వర్షమాపకం లెక్క పక్కన పెట్టి చదవాలి గాని, దేన్నీ ఒంటరిగా చదవకూడదు.

ఇంతవరకు చెప్పింది సాక్ష్యం గురించి. సాక్షి క్షేమంగా లేదు. ఆ చోట మామూలు ఎండాకాలపు వేడి కన్నా ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే నిలిస్తే పగడం తన ఒంట్లోని నాచును బయటికి తోసేస్తుంది. రంగు పోయి తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998లో లక్షద్వీప్‌తో సహా ప్రపంచమంతటా ఇలా జరిగింది. 2015–16 ఎల్ నినోలో పసిఫిక్‌లోని కిరిటిమాటి దీవి దగ్గర పగడాల్లో అత్యధిక భాగం పోయాయి. ఏడు వేల ఏళ్ల ఎల్ నినో చరిత్ర చదవడానికి ఉపయోగపడిన దిబ్బల్లో అదొకటి. ఎల్ నినో చరిత్ర రాసినదాన్ని ఎల్ నినోయే చంపింది. 2024 ఏప్రిల్‌లో నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా పగడాలు పాలిపోతున్నాయని ప్రకటించారు. ఆ ఎండాకాలంలో లక్షద్వీప్ కూడా తప్పించుకోలేదు. చచ్చిన పగడాన్ని తర్వాతైనా చదవవచ్చు, పల్మైరాలో చదివారు కదా. కానీ చచ్చిన రోజు నుంచి ఆ పుస్తకంలో కొత్త పేజీ ఉండదు.

లక్షద్వీప్ జనంలో అత్యధికులు ముస్లింలు. వాళ్ల కాళ్ల కింది నేల పగడం కట్టినదే. అలల నుంచి వాళ్ల ఇళ్లను, కొబ్బరి తోటలను, మసీదులను కాచే గోడా అదే. మనకు పగడం చావు వార్త, వాళ్లకు ఇల్లు.

మా తరగతిలో మొదలైన ప్రశ్నకు చివరికి ఇచ్చిన జవాబు ఇదీ. ఆస్ట్రేలియా పక్కన ఉన్న ఆ సముద్రంలో బెంజమిన్ హెన్లీ బృందం పగడపు స్తంభాలను చదివి 1618 నుంచి వేసవి వేడిని లెక్కగట్టింది. ఆ నాలుగు వందల ఏళ్లలోనూ అన్నిటికన్నా వేడిగా ఉన్నవి 2024, 2017, 2020. ఓడ లేదు, బకెట్ లేదు, థర్మామీటర్ లేదు. పగడమే థర్మామీటర్. ఆ అమ్మాయి విని, "అయితే అది అబద్ధం చెప్పదా సార్?" అంది. చెబుతుంది, అందుకే నలుగురు సాక్షులను పిలుస్తారు అన్నాం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఈ ఏడు ఉమ్రాకు వెళ్లేవారికి ఒక మనవి. జిద్దాలో ఒక పూట తీరిక దొరికితే అల్ బలద్ వీధుల్లో నడవండి. పూత రాలిన గోడ దగ్గర ఆగి రాయిని దగ్గరగా చూడండి. చిన్న చిన్న గుండ్రని కన్నాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో కన్నం ఒక జీవి కూర్చున్న గూడు. ఒడ్డున దొరికిన పగడపు ముక్కను మాత్రం సంచిలో వేసుకోవద్దు. దిబ్బలు కట్టే పగడాలను మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001 నుంచి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉంచింది. విమానాశ్రయంలో దాన్ని పట్టుకుంటే జ్ఞాపికగా తెచ్చానన్న మాట చెల్లదు. ఫోటో తీసుకోండి. వచ్చాక మా పిల్లలకు ఒకటి పంపండి, సైన్సు గదిలో గోడకు పెడతాం.